అంచుకు సమంగా ఆరు చెంచాలు

సన్నబడటం ఎలాగో నన్ను అడిగినవాళ్ళు చాలామంది. ఎందుకు సన్నబడుతున్నావని మాత్రం ఎవరూ అడిగిన పాపాన పోలేదు. యాభై ఎనిమిది కిలోల మనిషిని రెండేళ్ళలో నలభై ఒకటికి దిగాను. ఆ రెండేళ్ళలో నాకు దక్కినన్ని మెచ్చుకోళ్ళు పెళ్ళిచూపులనాడు కూడా దక్కలేదు. ఆఫీసులో ఒకామె నా మధ్యాహ్నం డబ్బా మూత తీసి, అందులో ఉన్న రెండు పిడికిళ్ళ పెరుగన్నాన్ని ఫోటో తీసుకుంది. బంధువుల పెళ్ళిలో మా పెదనాన్న కోడలు, "నీ డైట్ ఏంటో చెప్పవు, దాచుకుంటావు" అని నిష్ఠూరమాడింది. నా డైట్ పెద్ద రహస్యమేమీ కాదు. తిన్న గంటకి బొడ్డుకు కుడివైపు కింద పేగు మెలిపెట్టేది. ఆ నొప్పికి భయపడి నేను తినడం మానేసేదాన్ని. విస్తరి ముందు చెప్పుకునే మాట కాదు కనుక, వాకింగ్ చేస్తున్నానని చెప్పి తప్పించుకునేదాన్ని.

మా కింది పోర్షన్‌లో ఉండే అక్క దగ్గర మాత్రం నేను అంత తేలిగ్గా తప్పించుకోలేకపోయాను. ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. నాకంటే పదేళ్ళు పెద్ద, మనిషి కూడా నిండుగా ఉంటుంది. చిలకలగూడలో ఆమె కుట్టని జాకెట్ లేదని ఆమే చెబుతుంది. నా జాకెట్లకి ఆ రెండేళ్ళలో నాలుగుసార్లు లోపలికి కుట్లు వేసింది. నాలుగోసారి టేపు మెడలో వేసుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"ఏం తింటున్నవ్ చెల్లె? నాకు సుత చెప్పు జెర. నేను పొద్దుగాల పార్కుల అయిదు రౌండ్లు గొడ్తున్న, ఒక్క ఇంచు తగ్గట్లె."

నవ్వి ఊరుకున్నాను. అప్పటికి నాకు ఆరు నెలలపాటు టీబీ మందులు వాడించి, అది టీబీ కాదని తేల్చారు. తర్వాత గొట్టం వేసి చూసి, ముక్క తీసి పరీక్షకి పంపి, క్రోన్స్ అనే పేగు జబ్బన్నారు. చిన్నపేగు చివర వాచి, మానిన చోటల్లా మచ్చకట్టి, దారి సన్నని సందయిపోయిందట. మందులు పనిచేసే దశ దాటింది, పేగులో ఆ భాగం కోసి తీసెయ్యాలి అన్నారు. తీరా ఆపరేషన్‌కి ఒప్పుకుని గుండె దిటవు చేసుకుని వెళ్తే, సర్జన్ నా రక్తం రిపోర్టు చూసి పెన్ను కింద పెట్టేశాడు.

"ఇప్పుడు చెయ్యనమ్మా" అన్నాడు. "మీ ఒంట్లో ప్రోటీన్ లేదు. ఈ కండిషన్‌లో పేగు కోసి రెండు కొసలూ కలిపితే, ఆ అతుకు నిలవకపోవచ్చు. ఆ రిస్క్ నేను తీసుకోను. ఇప్పుడే చెయ్యాలంటే పొట్టమీదకి పేగు తీసి, మలం అందులో పడేలా సంచీ పెడతాను, కొన్ని నెలలాగి మళ్ళీ లోపల కలుపుతాను. లేదంటే ఆరు వారాలు ఒంటికి తిండి పట్టించి రండి. అప్పుడు ఒకేసారి కలిపెయ్యడానికి చూస్తాను."

సంచీ పెట్టించుకుని హాయిగా బతికేవాళ్ళున్నారు. ఆ రోజే బయట బెంచీమీద నా పక్కన కూర్చున్నావిడ తనకి సంచీ ఉందని చెప్పేదాకా నాకు తెలియనే లేదు. ఇప్పుడు బిర్యానీ తింటున్నాననీ, రెండేళ్ళ తర్వాత మొదటిసారి సినిమాకి వెళ్ళాననీ చెప్పింది. అంతా విన్నాను, తలూపాను. నాకు మాత్రం వద్దు. ఎండలో నడిబజారులో నిలబడి చేసే ఉద్యోగం నాది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, నాకు భయం వేసింది. ఆరు వారాల్లో బలం పుంజుకుని తీరాలి అనుకున్నాను.

డైటీషియన్ చిన్నపిల్ల, పాతికేళ్ళుంటాయేమో. ఒక పొడి డబ్బా బల్లమీద పెట్టింది. ఆరు వారాలూ అన్నం, టిఫిను, పండు, కాఫీ ఏవీ ఉండవు. ఈ పొడే భోజనం. కాచి చల్లార్చిన నీళ్ళు ఒక గ్లాసు, డబ్బాలో ఉండే చెంచాతో అంచుకు సమంగా ఆరు చెంచాలు. రోజుకి ఎనిమిది గ్లాసులు, గుక్కగుక్కగా. "పేగుకి రెస్ట్, ఒంటికి ఫుల్ మీల్స్" అని నవ్వింది. అదంతా కాగితం మీద రాసి, ఆరు అన్న అంకె చుట్టూ సున్నా కూడా చుట్టి ఇచ్చింది. ఆ కాగితాన్ని నేను ఇంటికి తెచ్చి అత్తయ్యగారి చేతిలో పెట్టాను.

ఇక్కడ మా అత్తయ్యగారి గురించి చెప్పాలి. శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో ముప్ఫయ్యేళ్ళయినా, ఆవిడ యాస గాని, వంట గాని ఒక్క అంగుళం జరగలేదు. పథ్యం పెట్టడంలో ఆవిడకి పేరుంది. ఇద్దరు కూతుళ్ళకీ, నాకూ, ఈ వీధిలో కనీసం అరడజను మంది బాలింతలకీ పథ్యం పెట్టి లేపి నిలబెట్టారు. ఆవిడ లెక్కలో రోగికి వండిపెట్టడమంటే ఏమేమి పెట్టకూడదో తెలిసి ఉండటం. మొదటివారం ఇంత, పదకొండో రోజు దాటాక ఇంత, నలభయ్యో రోజుకి మామూలు భోజనం. నన్ను మళ్ళీ పథ్యంలో పెట్టే అవకాశం వచ్చినందుకు ఆవిడ ముఖం కాస్త వెలిగిందని కూడా నేను గమనించాను.

నాకు అది సుఖంగానే ఉండింది. వంటింటి వాసనలు భరించే ఓపిక లేదు. పొద్దున్నే ఆవిడే కలిపి, రెండు ఫ్లాస్కుల్లో పోసి, ఒకటి ఇంట్లో ఉంచి ఒకటి నా సంచీలో పెట్టేవారు. మా ఆయన నా ముందు తినడానికి మొహమాటపడి, బాల్కనీలో తలుపు వెనక నిలబడి, దొంగతనంగా సిగరెట్టు కాల్చేవాడిలా ఇడ్లీ తినేవారు. ఆ ఇడ్లీ వాసన తలుపు సందులోంచి సరిగ్గా నా దగ్గరికే వచ్చేది.

ఆ పానీయం పాలగిన్నె కడిగిన నీళ్ళలా ఉండేది, కాస్త తియ్యగా. మందు కదా, ఇలాగే ఉంటుంది అనుకున్నాను. ఎనిమిది గ్లాసులూ నిష్ఠగా తాగేదాన్ని. మధ్యాహ్నం ఆఫీసులో అందరూ డబ్బాలు విప్పితే నేను ఫ్లాస్కు మూత విప్పేదాన్ని. ఫోటో తీసుకున్నావిడ ఇప్పుడు ఫ్లాస్కుని కూడా ఫోటో తీసింది.

నా ఉద్యోగం తూనికలు, కొలతల శాఖలో. పదమూడేళ్ళుగా మోండా మార్కెట్ నుంచి బోయిన్‌పల్లి దాకా కాటాలు తనిఖీ చేసి ముద్ర వేయించడం నా పని. అందుకని ఇంట్లో ఉన్న బరువు చూసుకునే మిషను మీద నాకు నమ్మకం లేదు. రెండు వారాలు గడిచాక, బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో స్వయంగా తనిఖీ చేసిన పెద్ద కాటా ఎక్కాను. ఉల్లిగడ్డ బస్తాలు తూచేది. నలభైన్నర.

"బస్తా కన్న తక్కువున్నరు మేడం" అన్నాడు హమాలీ. "మా దగ్గరయితే వాపస్ పంపుతం."

నాలుగోరోజు మళ్ళీ ఎక్కాను. నలభై. పెరగాల్సింది తరుగుతోంది. కాటాలో తప్పుందేమోనని దాన్ని మళ్ళీ తనిఖీ చేశాను. కాటా నిక్కచ్చిగా ఉంది.

డైటీషియన్ దగ్గరికి వెళ్తే ఆ పిల్ల నా ముఖంలోకి చూస్తూ, మెల్లగా, మర్యాదగా అడిగింది. "మేడం, నిజంగా అన్నీ తాగుతున్నారా? కొంతమంది తాగలేక పారబోస్తారు. పర్లేదు, చెప్పండి." నాకు తల కొట్టేసినట్టయింది. పదమూడేళ్ళు ఊళ్ళోవాళ్ళ కొలతలు అనుమానించినదాన్ని, నన్నూ ఒకరు అదే చూపుతో చూస్తారని ఎన్నడూ అనుకోలేదు. ఒక్క చుక్క కూడా పారబొయ్యలేదని ఒట్టేసి చెప్పాను. ఆమె సర్జన్‌కి ఫోన్ చేసి మాట్లాడి, "ఇలాగే ఉంటే సంచీకి ప్రిపేర్ అవ్వమన్నారు" అంది. ఆటోలో ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చాను. అత్తయ్యగారికి చెబితే, "కంగారు పడకమ్మా, పథ్యం నెమ్మదిగానే ఒంటికి పడతాది" అన్నారు.

ఆ ఆదివారం పొద్దున్న, కింది పోర్షన్ అక్క చేతిలో గ్లాసుతో మెట్లెక్కి వచ్చింది. కోపంగా ఉంది.

"ఏం మోసం చేసినవ్ చెల్లె" అంది. "నువ్వు దినమంత గీ పొడే తాగుతున్నవని మీ అత్త చెప్పింది. నువ్వేమో పుల్ల తీర్గ అయితున్నవ్. గిదే మంత్రమనుకొని నేను సుత మెడికల్ షాపుల డబ్బా తెచ్చుకున్న. పొద్దుగాల ఒకటి, రాత్రి ఒకటి, అన్నం తిన్నంక తాగుతున్న. పదిహేను దినాలల్ల రెండు కిలోలు పెరిగిన. నా జాకెట్లకు నేనే కుట్లు ఇప్పుకున్న."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అది బలం రావడానికి తాగేది అక్కా అని చెప్పబోయాను. అప్పటికే ఆమె తన గ్లాసు వంటింటి గట్టుమీద, నా గ్లాసు పక్కన పెట్టింది. ఇద్దరం ఒకేసారి చూశాం.

"గిదేంది?" అంది అక్క. "నీది గింత పల్చగున్నది? నీళ్ళు గలిసినయా ఏంది?"

ఆమె గ్లాసులోది వెన్న తీయని పాలలా చిక్కగా ఉంది. గ్లాసు వంచి నిలబెడితే గోడకి తెల్లగా అంటుకుని మెల్లగా జారింది. నాది వంచితే నీళ్ళలా జారిపోయింది, గ్లాసు కడిగినట్టే ఉంది. పదమూడేళ్ళలో నేను ఎన్నో తూకపు రాళ్ళు చేత్తో ఎత్తి, తరుగుందని చెప్పిన మనిషిని. ఇరవై రోజులుగా నా నోట్లో పడుతున్న తరుగు నాకు తెలియలేదు.

అత్తయ్యగారు పొయ్యి దగ్గరే ఉన్నారు.

"అత్తయ్యా, ఎన్ని చెంచాలు వేస్తున్నారు?"

"మూడు" అన్నారు, ఏ తడబాటూ లేకుండా. "రేపట్నుంచి నాలుగు."

గోడ మీద క్యాలెండర్ చూపించారు. ఎర్ర పెన్సిల్‌తో గడిగడికీ అంకెలు వేసి ఉన్నాయి. ఇరవయ్యో రోజు దాకా మూడు. అక్కడ్నుంచి నాలుగు. ముప్ఫైకి అయిదు. నలభయ్యో రోజున, అంటే నా ఆపరేషన్ ముందురోజుల్లో, ఆరు. ఆ ఆరు చుట్టూ కూడా సున్నా చుట్టి ఉంది. డైటీషియన్ కాగితం ఆవిడ చదవకపోలేదు. చదివి, ఆ చిన్నపిల్లకి పథ్యం తెలియదని తేల్చుకుని, తనకి తెలిసిన పద్ధతిలో సర్దారు. రెండు రోజులు రావాల్సిన డబ్బా నాలుగు రోజులు వస్తుంటే, బాగా వస్తోందని మా ఆయన సంతోషించారు కూడా.

అక్క ముందే అరిచాను. "నన్ను ఆకలితో చంపుతున్నారు మీరు. మీ పథ్యంతో నా పొట్టకి సంచీ పెట్టిస్తున్నారు. నా సంగతి మీరు చూడొద్దు, నేను కలుపుకుంటాను." ఆవిడ చెయ్యి తుడుచుకుని వెళ్ళి, వెనక మెట్లమీద కూర్చున్నారు.

అక్క వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుని, "జెర ఆగు చెల్లె, పెద్దమనిషి" అంది. ఆగలేదు నేను. ఆరు చెంచాలు వేసి కలుపుకుని తాగాను. మొదటిసారి కడుపు నిండినట్టనిపించి, ఆ కోపంలోనే కునుకు పట్టింది.

మధ్యాహ్నం లేచేసరికి ఆవిడ ఇంకా మెట్లమీదే ఉన్నారు. పక్కన కూర్చున్నాను. క్షమించమని అడగడానికి కాదు, ఎందుకిలా చేశారో అడగడానికి. అడక్కముందే చెప్పారు, నావైపు చూడకుండా.

"నాకో చెల్లుండేది. నాకు పదేళ్ళు, దానికి ఏడు. దానికి విషజ్వరం ఒచ్చింది. ఇరవై రోజులు గంజినీళ్ళే. జొరం దిగిన్నాడు అన్నం అన్నం అని ఒకటే ఏడుపు. అమ్మ పొలానికెళ్ళిపోనాది. నేనే పెట్టినాను. గట్టన్నం, పులుసు కలిపి. ముద్దలు చేసి పెట్టినాను. ఎంత సంబరంగా తిన్నాదో. రెండ్రోజులకి పోనాది. లోపల పేగు చిరిగిపోనాదని డాక్టరు చెప్పినాడు."

అప్పుడు నావైపు తిరిగి, "నీదీ పేగే కదమ్మా" అన్నారు.

అరవయ్యేళ్ళుగా ఆవిడ ఎవరికి ఏం వండి పెట్టినా, ఆ పులుసన్నం పక్కనే ఉందన్నమాట. మేమేమో చాదస్తం అనుకుని నవ్వుకున్నాం. నాకు ఆవిడ మీద జాలి కలిగింది, కోపం కూడా పోలేదు. పోయిన ఇరవై రోజులు నావి కదా. రెండూ ఒకే కడుపులో పెట్టుకుని చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

మర్నాడు డబ్బా తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. చెంచా నిండా పొడి తీసి, చాకు వీపుతో అంచుకు సమంగా కోసి చూపించాను. కొండలా పైకి ఉండకూడదు, గుంటలా లోపలికి ఉండకూడదు. బజారులో చెప్పే పాఠమే వంటింట్లో చెప్పాను. ఆవిడ అయిదు వేసి ఆగారు. నేను అక్కడే నిలబడ్డాను. ఆరోది వేశారు. నేను తాగుతుంటే నా ముఖం కాదు, నా పొట్టవైపు చూస్తూ కూర్చున్నారు. అలా ప్రతి పూటా.

డైటీషియన్‌కి జరిగింది చెప్పాను. తిడుతుందనుకున్నాను. "ఇంట్లో ఎవరు కలుపుతారని నేనే అడగాల్సింది" అని, తన కాగితం మీద ఆ ప్రశ్న రాసుకుంది. సర్జన్ ఆపరేషన్ మూడు వారాలు వెనక్కి జరిపాడు. ఆ మూడు వారాలూ వాచిన పేగు ఎదురు తిరగకుండా ఉంటే చాలని రోజూ భయమే. కింది అక్క తన డబ్బాలో మిగిలింది తెచ్చి మా గట్టుమీద పెట్టి, "నాకు పనికిరాలె, నువ్వన్న మంచిగ దొడ్డుగ గావాలె" అని దీవించింది. బోయిన్‌పల్లి కాటా మీద ఆ తర్వాత నలభై రెండు, నలభై మూడున్నర, చివరికి నలభై అయిదు చూశాను. హమాలీ కూడా సంతోషించాడు. "బస్తాకు దగ్గర పడ్డరు మేడం."

రక్తం రిపోర్టు చూసి సర్జన్ ఈసారి పెన్ను కింద పెట్టలేదు. అలాగని మాటా ఇవ్వలేదు. "లోపల చూశాకే తెలుస్తుంది. కలపగలిగితే కలుపుతాను" అన్నాడు. కాబట్టి మత్తు ఇచ్చేటప్పటికి నాకు ఏదీ తెలియదు. మెలకువ రాగానే, కళ్ళు తెరవకముందే, నా చెయ్యి దుప్పటి కింద పొట్టమీదికి వెళ్ళింది. కుడివైపు తడిమాను, ఎడమవైపు తడిమాను. మధ్యలో కట్టు తప్ప ఏమీ లేదు. ఏడుపొచ్చింది. ఏడిస్తే కుట్లు లాగుతున్నాయి కనుక అదీ పూర్తిగా ఏడవలేకపోయాను. అత్తయ్యగారు మంచం పక్కన నిలబడి, "ఉన్నాదేటమ్మా?" అన్నారు. లేదన్నాను. తల మీద చెయ్యి వేసి, వెంటనే గది బయటికి వెళ్ళిపోయారు.

రెండోరోజు చార్టులో, ఆహారం మొదట పలచగా, తర్వాత నెమ్మదిగా చిక్కగా ఇవ్వాలని రాశారు. ఆవిడ అది నర్సుతో రెండుసార్లు చదివించుకున్నారు. పక్క మంచం వాళ్ళకి కూడా వినిపించారు. "నేను చెప్పిందే కదేటి" అన్నారు. నేను కాదనలేదు. పథ్యం సరైనదే, పెట్టిన రోజులే తప్పు.

ఇంటికి వచ్చాక మెత్తటి అన్నం పెట్టొచ్చన్నారు. ఆ మధ్యాహ్నం అత్తయ్యగారు అన్నం మెత్తగా వండి పిసికి, కంచం నా ముందు పెట్టి, గరిటె పట్టుకుని నిలబడ్డారు. గరిటె అన్నం గిన్నె దాకా వెళ్ళింది, ఆగిపోయింది. ఏమైందో నాకు తెలుసు. ఆవిడ గరిటె పక్కన పెట్టి, లోపలికి వెళ్ళి, పొడి డబ్బాలోంచి ఆ చెంచా కడిగి తెచ్చారు. చెంచాతో అన్నం తీసి, చాకు వీపుతో అంచుకు సమంగా కోసి, కంచంలో వేశారు. ఒకటి. రెండు. ఆరు దాకా లెక్కపెట్టారు. అందులో చారు పోసి కలిపి, ముద్ద చేసి, తనే నా నోటికి అందించారు. నలభై ఏళ్ళ కోడలికి ముద్దలు పెడుతుంటే మా ఆయన తలుపు దగ్గర నిలబడిపోయారు. నేను తిన్నాను. రెండేళ్ళలో మొదటిసారి, అన్నం తిన్నాక నొప్పి రాలేదు.

ఆ రోజూ, మర్నాడూ ఆవిడ నన్ను వదిలి కదల్లేదు. గుడికి వెళ్ళలేదు, కింది అక్క పిలిచినా దిగలేదు. జ్వరం చూస్తున్నట్టు గంటగంటకీ నుదుటిమీద చెయ్యి పెట్టి, పొట్ట ఎలా ఉందని అడిగేవారు. మొదట విసుక్కున్నాను, తర్వాత ఆవిడ చెల్లెలి రెండ్రోజులు గుర్తొచ్చి ఊరుకున్నాను. మూడోరోజు పొద్దున్న నేను లేచేసరికి మంచం పక్కన కుర్చీలోనే ఉన్నారు, అప్పటికే స్నానం చేసి.

"మూడోరోజు ఒచ్చేసింది" అన్నారు.

"వచ్చేసింది అత్తయ్యా" అన్నాను.

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళారు. ఆ మధ్యాహ్నం అన్నం గరిటెతోనే వడ్డించారు.